తుడవని పట్నం

నిన్న సాయంత్రం మా కోడలు వసారా కడిగి, ఆ తడి ఆరకముందే పసుపు డబ్బా జారవిడిచింది. కేసముద్రంలో ఇన్నేళ్లుగా ఉంటున్నాను. మార్కెట్‌కు పసుపు బస్తాలు వచ్చే రోజుల్లో వీధంతా ఆ వాసనే. దానికి నేనెప్పుడూ ఉలిక్కిపడలేదు. తడి మట్టి మీద పడ్డ పసుపు వాసన వేరు. అది ముక్కుకు తగలగానే ఎవరో గడప దాటి లోపలికి వచ్చినట్టుంటుంది. కోడలు చీపురు అందుకోబోతే "జర ఆగు బిడ్డా" అన్నాను. ఎందుకు ఆగమన్నానో చెప్పాలంటే బీరయ్య తాత గురించి చెప్పాలి.

లింగాల ఘనపూర్ దగ్గర మా ఊళ్లో తాత ఒగ్గు కథ చెప్పేవాడు. ఒగ్గు అంటే చేతిలో ఇమిడే చిన్న డమరుకం. దాని చప్పుడుతో మల్లన్న దేవుణ్ణి పిలిచి, ఆయన కథ పాడతారు. వాళ్ల ఇల్లూ మాదీ గోడకు గోడ. నన్ను బడికి పంపలేదు. అక్షరాలు బాపు, అంటే మా నాన్న, ఇంట్లోనే దిద్దించాడు. కళ్లు మూసుకుని చూడడం మాత్రం తాతే నేర్పాడు. కథ మధ్యలో ఆగి, మల్లన్న గుర్రం ఏ కాలు ముందు వేసిందని అడిగేవాడు. నేను నీళ్లు నమిలితే, "చూడకుంటనే ఊఁ కొడుతున్నవా? గుడ్డెద్దు చేన్ల వడ్డట్టు" అని నవ్వేవాడు. తరువాత ఏ పూజ చేసినా, దేవుడి ముఖం కళ్లముందు నిలిచిందంటే అది తాత పెట్టిన భిక్షే.

ఆయనకు ఆ విద్య ఎలా వచ్చిందో ఒకసారి చెప్పాడు. గురువు ఉపవాసం ఉంచి, నొసట మల్లన్న పసుపు పూసి, మెడలో గవ్వల దండ వేసి, చెవికి ఆనించి ఒగ్గు వాయించాడట. ఆ చప్పుడు తలలోకి దిగి మళ్లీ బయటకు రాలేదట. కొన్నాళ్లు మాట పడిపోయిందట. తిరిగి నోరు విప్పితే అది తనకు తెలిసిన గొంతు కాదు. "ఆ దినం సంది గీ గొంతుల నేను కిరాయికి ఉంటున్న బిడ్డా. అసలాయన వస్తే జరిగి కూసుంట" అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

సాయుధ పోరాటపు రోజులవి. మా అన్న దళంలో కలిసి భూపాలపల్లి అడవుల వైపు వెళ్లాడు. మొదట్లో కబురు అందేది, తరువాత ఆగిపోయింది. మా అవ్వ, అంటే మా అమ్మ, కొడుకు తిరిగి రావాలని మల్లన్నకు పట్నం మొక్కింది. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుల పొడితో నేలమీద పెద్ద ముగ్గు వేస్తారు, అదే పట్నం. దేవుడు వచ్చి అందులో నిలుస్తాడు. కథ ముగిశాక ఆయనను సాగనంపి, పట్నాన్ని తొక్కి చెరిపేస్తారు. చెరపకుండా వదలకూడదు.

చీకటి పడితే పాటకు వీల్లేని కాలం కాబట్టి తాత పట్టపగలే కథ మొదలుపెట్టాడు. వాకిలి అలికిన తడి ఇంకా ఆరలేదు. దేవుణ్ణి పిలవడం అయింది, సాగనంపడం కాలేదు. అంతలో దళాన్ని వెతుకుతూ తుపాకుల పోలీసులు ఊళ్లోకి వచ్చారు. ఊరూరా తిరిగే మనిషి కదా, దళానికి కబుర్లు మోస్తున్నాడని తాతను కట్టి జనగామ తీసుకుపోయారు. పట్నం అలాగే ఉండిపోయింది.

మర్నాడు దాని నడుమ పసుపులో ఒక అడుగు పడి ఉంది. లోపలికి వచ్చిన అడుగే తప్ప వెళ్లిన అడుగు లేదు. అవ్వ తన జానతో కొలిచి, "మీ అన్నదే" అంది. చుట్టూ మంచాలు అడ్డం పెట్టింది. కోళ్లు ఆ దిక్కుకే రావడం మానేశాయి. మా కుక్క మాత్రం పట్నం అంచున పడుకుని, ఖాళీ నడుమకేసి చూస్తూ తోక ఊపేది. అవ్వ అక్కడే కూర్చుని మాట్లాడేది, అన్నం అక్కడే పెట్టేది, తాను తినేది కాదు. మెడ ఎముకలు పైకి తేలాయి. నేను పిలిస్తే ఎవరో పరాయి పిల్ల పిలిచినట్టు చూసేది. అన్న ఎలాగూ లేడు, అవ్వ కూడా అటే వెళ్లిపోతుందని నాకు అర్థమైంది.

తాతను విడిచిపెట్టాక ఆయన నేరుగా మా ఇంటికే వచ్చాడు. మణికట్లు వాచిపోయి ఉన్నాయి. మంచాల అవతల నిలబడి పట్నం వైపు చాలాసేపు చూశాడు. చెరపాలని ఆయన అంటే అవ్వ అడ్డం పడింది.

"ఉండనీయ్ మామా. నా ఇంట్లనే ఉంటున్నడు కద, ఎవలికేం బాధ?"

"ఉన్నడు తల్లీ. గని కూసోలేదు. వచ్చిన కాడి సంది నిలవడే ఉన్నడు. దేవుని ఎంట వచ్చినోడు సెలవియ్యంది కదలడు."

పొలం నుంచి వచ్చిన కొడుకు కాళ్లు కడుక్కునే లోపే పీట వేసే తల్లి అవ్వ. లోపలికి వెళ్లి అదే పీట తెచ్చి పట్నంలో వేసింది. "కూసో కొడకా" అంది. ఆ రోజు గాలి లేదు. అయినా పీట చుట్టూ పసుపు కొద్దిగా లేచి మళ్లీ అణిగింది. తాత వేళ్లు ముడుచుకోక ఒగ్గు నా చేతికిచ్చాడు. ఆడపిల్ల వాయించవచ్చా అని చూడవచ్చిన ఇరుగుపొరుగులో ఎవరో గొణిగితే, "వినేటోనికి లేని పరేషాన్ నీకెందుకు?" అన్నాడు. నేను వాయించాను, ఆయన పాడాడు. అవ్వ పీట తీసి, ఏడుస్తూ తన పాదాలతోనే పట్నం చెరిపింది. కుక్క లేచి దర్వాజ దాకా నడిచి, ఎవరినో సాగనంపినట్టు బాటవైపు చూస్తూ నిలబడింది. ఆ పూట అవ్వ అన్నం తింది.

పోరాటం ముగిశాక అన్న చనిపోయాడన్న కబురు అందింది. భూపాలపల్లి అడవిలో అన్నను మట్టి చేసిన కోయ పెద్దను వెతుక్కుంటూ వెళ్లాం. ఆయన వాళ్ల వడ్డె, అంటే పూజారి. డోలు మోగుతుండగా పడుకుని, చనిపోయినవాళ్ల బాటలో వెళ్లి చూసి వస్తాడట. మేము పట్నం ఊసే ఎత్తలేదు. "మీ పిల్లగాని కోసం పోతే శానా దినాలు ఆ తొవ్వల కనవడలే. ఎవరింట్లనో ఆగిండనుకున్న. తరువాత వచ్చిండు. కాళ్ల నిండ పసుపు" అన్నాడు. అవ్వ నా చేయి పట్టుకుంది.

చాలా ఏళ్ల తరువాత మహబూబాబాద్‌లో చలికాలం స్వెట్టర్లు అమ్మే ఒక టిబెట్ ఆమెతో స్నేహమైంది. ధ్యానంలో వాళ్ల తారాదేవి రూపాన్ని, కూర్చునే కమలం మొదలు కంటిపాప దాకా మనసులో కట్టుకుంటుందట. చివరకు తానే ఆ దేవి అయి, ఆపైన అంతా వెలుగులో కరిగించేస్తుందట. కరిగించకుండా లేస్తే ఏమవుతుందని అడిగాను. స్వెట్టర్ మడత పెడుతూ, "నువ్వు అక్కడే ఉండిపోతవ్ అక్కా" అంది. నేను చదువుకున్నదాన్ని కాను, మతాల మధ్య తీర్పు చెప్పలేను. తాత పిలుస్తాడు, వడ్డె వెళ్తాడు, ఆమె కడుతుంది. మూడూ ఒకటని అనను. దేవుడు ఒకరిని ఇల్లు అడిగి వస్తాడు, ఒకరిని తన దారిలో నడిపిస్తాడు, ఒకరి చేత తనను తానే నేయించుకుంటాడు. తిరుగుదారి మాత్రం ముగ్గురూ మరువరు. ఆ దారి తెలిసిన మనిషి మా గోడ పక్కన ఉండబట్టే నాకు అవ్వ మిగిలింది.

నిన్న ఆ వాసనతో, ఎప్పుడో పోయిన తాత వచ్చి నిలబడ్డట్టనిపించింది, కోడలిని ఆపింది అందుకే. వసారాలో పసుపు మధ్య పీట వేశాను. "జర కూసో తాతా" అన్నాను. కాసేపు నేనూ పక్కన కూర్చున్నాను. తరువాత పీట తీసి, పసుపు మీద నా పాదాలతో నడిచి, చీపురు కోడలికి ఇచ్చాను.