నరసింహ చదివిన ‘సర్లే’

మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే నరసింహ, ఎక్కడో సిడ్నీ స్కోఫీల్డ్స్‌లో ఎవడి చేతికైనా పేకలో రెండు ఆసులు వస్తే, ఇంట్లో కూర్చుని వాసన పట్టేస్తాడు. గాలివాటం కలిసొస్తే పెర్త్ దాకా పసిగడతాడు.

ప్రతి ఆదివారం భోజనాలయ్యాక ఫోన్లో పోకర్ బల్ల వేస్తారు. ఆరుగురూ తెలుగువాళ్ళే, పది సెంట్ల పందెం. ఒక పూటలో ఇరవై డాలర్లు పోతే వారమంతా దాని గురించే మాట్లాడుకుంటారు. ముఖాలు కనబడవు, అవతలివాడి ముక్కలు కనబడవు. పందెం వేయడానికి ఎంతసేపు తీసుకున్నాడు, చాట్‌లో ఏం రాశాడు, అంతే. నసిగి నసిగి పెంచినవాడి దగ్గర బలముంటుంది. అన్నిటికన్నా పెద్ద ఆనవాలు ‘సర్లే’. పెళ్ళి బంతిలో “వద్దండీ వద్దు” అంటూనే “సర్లే, వెయ్యండి” అని విస్తరి ముందుకు జరిపేవాడికి బూరె మీద ఎంత ఆశో, పందెంలో సర్లే అన్నవాడి దగ్గర అంత సరుకు.

“ఇది ఏ పుస్తకంలోనూ ఉండదే!” అని భార్య అలివేలు దగ్గర కోతలు కోసేవాడు.

“ఆ తెలివేదో మీ సూపర్‌వైజర్ మొహం చదవడానికి వాడు,” అనేది ఆమె.

యూనివర్సిటీలో చదివేటప్పుడు నరసింహ గదిలో ఉన్న జశ్వంత్ ఇప్పుడు భార్య సృజనతో స్కోఫీల్డ్స్‌లో కాపురం. రెండేళ్ళుగా వాడి సర్లే ఒక్కసారీ తప్పలేదు. కానీ నెల రోజులుగా ఆట మారింది. పదింట్లో ఎనిమిది ఆటలు వదిలేసే మనిషి, ఏదీ వదలకుండా, తడుముకోకుండా ఆడుతున్నాడు. ఆ ఆదివారం మూడుసార్లు ఖాళీ అయ్యాడు. నాలుగోసారి, నరసింహ చేతిలో తొమ్మిదుల జత ఉండగా, మళ్ళీ తెచ్చుకున్న నలభై డాలర్లూ ఒక్కసారే తోసేశాడు. చాట్‌లో ఒకటే మాట: “సర్లే అన్నా.”

నరసింహ వేలు గాల్లోనే ఆగింది.

“సర్లే అన్నాడుగా, బలముందన్నమాట. వదిలెయ్,” అంది అలివేలు, పక్కనుంచి చూసి.

“కాదే. ఇది బూరె సర్లే కాదు. ఇంక నావల్ల కాదు అనే సర్లే.”

అంతే! గెలిచే ముక్కలు పడేసి, వచ్చే డబ్బును గాలికొదిలి, జశ్వంత్‌కి ఫోన్ కొట్టాడట.

“ఏరా, ఏమైంది?”

“ఏం లేదన్నా.”

“సృజన ఇంట్లోనే ఉందా?”

“ఉంది. తనకింకా చెప్పలేదన్నా. జాబ్ పోయి ఐదు వారాలు. రోజూ బ్యాగేసుకుని బయల్దేరి, స్టేషన్ కార్ పార్క్‌లో కూర్చుంటున్నా. ఇవాళ అసలు ఏం చేసుకుంటానో నాకే భయమేసింది.”

“ఫోన్ పెట్టకు. లేచి తన దగ్గరికెళ్ళు. నేను లైన్లోనే ఉంటా.”

జశ్వంత్ వెళ్ళాడు, భార్యకు చెప్పాడు. మనిషి నిలదొక్కుకున్నాడు. స్నేహితుడి కోసం గెలుపు వదిలేసిన మహానుభావుడంటూ, ఆ ఆటలో లేనివాళ్ళంతా తర్వాత నరసింహను మోస్తుంటే, అతను మధ్యలోనే ఆపాడు.

“నేనేం వదల్లేదు. వాడి దగ్గర ఏమీ లేదని తెలిసే ఆడాను. నలభై డాలర్లూ నాకు వచ్చాకే ఫోన్ చేశాను.”