నల్లకోడి గుడ్లు

నా చిన్నతనంలో, నాచారంలో ఒక ఎండాకాలం కొక్కెర తెగులు వచ్చి మా నల్ల నాటుకోళ్లన్నీ చనిపోయాయి. నాయనమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న జాతి అది. తెగులుకు ముందు పెట్టిన నాలుగు గుడ్లే మిగిలాయి. వాటిని కొంగున కట్టుకుని నాయనమ్మ ఉప్పల్ దాకా నడిచి, మా మేనత్త ఇంట్లో పొదుగుకు కూర్చున్న తెల్లకోడి కింద పెట్టింది.

ఇరవై ఒకటో రోజు నన్నూ తీసుకెళ్లింది. ఒక గుడ్డు తీసి నా చెవికి ఆనించింది.

"జర సప్పుడు జేయకు. ఏమన్న ఇనవడ్తున్నదా?"

పెంకు ఇంకా పగల్లేదు. లోపలి నుంచి సన్నగా కిచకిచ వినిపించింది.

"నాయనమ్మా, లోపల మాట్లాడ్తున్నది!"

గంపలోంచి తెల్లకోడి మెల్లగా దానికి బదులిచ్చింది.

సాయంత్రానికి మూడు నల్లపిల్లలు బయటికి వచ్చాయి. నాయనమ్మ వాటిని అరచేతుల్లో పెట్టుకుని, ఒక్కొక్కదాన్నీ చెంపకు ఆనించుకుంది.