ఆదెప్ప ఊడగొట్టిన పన్ను

మదనపల్లె టమాటా మార్కెట్లో వేలం పాడే ఎల్లప్పకు గొంతు ఎంత పెద్దదో, కోపం అంతకంటే పెద్దది. ఒకసారి బాక్సుల దగ్గర గొడవలో హమాలీ ఆదెప్ప అతని చెంప మీద ఒక్కటిచ్చాడు. పన్ను ఊడి నోరంతా నెత్తురైంది. ఎల్లప్ప ఇనుప రాడ్డు అందుకుని ఆదెప్ప కుడిచెయ్యి విరగ్గొట్టాడు. ఆ చేత్తో ఆదెప్ప మళ్లీ బాక్సు ఎత్తలేదు.

ఏడాది గడిచినా నోట్లో నెత్తురు ఆగకపోతే ఎల్లప్ప పళ్ల డాక్టరు మేఘన దగ్గరికి వెళ్లి, ఆదెప్ప దెబ్బకు పన్ను ఊడిన సంగతి చెప్పాడు.

"చిగుళ్లు ఏండ్ల నుంచి చీము పట్టి ఉండాయప్పా. లేజరుతో లోపలంతా శుభ్రం చేస్తాను. ఆ పన్ను సంగటి తిన్నా ఊడిపోయేదే," అందామె.

"అబద్దం! ఆదెప్ప కొట్నందుకే ఊడింది!"

ఎల్లప్ప కోపంతో పళ్లు పటపటా కొరికాడు. పక్క పన్ను ఊడి ఒళ్లో పడింది.