ఆలస్యంగా లేచిన సుడులు

ఏడో నెలలో కనకాలపేటలోని పుట్టింటికి వచ్చాను. నా పరిశోధన కూడా లాప్‌టాప్‌లో నాతోపాటే వచ్చింది. సూర్యుడిలో ఉండేలాంటి మంటను, ఏ గోడకూ తగలకుండా, మెలితిరిగిన అయస్కాంతాల మధ్య నిలబెట్టే యంత్రం ఒకటుంది. స్టెల్లరేటర్ అంటారు. దాన్ని నేనెప్పుడూ కళ్లారా చూడలేదు. అందులోని వేడి బయటికెలా జారిపోతుందో ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటరు లెక్క కడుతుంటే, ఆ బొమ్మలు ఇక్కడ కూర్చుని చూసేదాన్ని.

మధ్యాహ్నాలు గోదారి గాలికి కర్టెన్లు ఉబ్బేవి. స్క్రీను మీద ఎర్రటి, నీలం సుడులు ఒకదాన్నొకటి మింగుతూ తిరిగేవి. చూస్తూ చూస్తూ నేనెక్కడున్నానో మరిచిపోయేదాన్ని.

"ఏటే ఇయ్యి, ఇలా తిరుగుతున్నాయి?" అని అడిగింది అమ్మ ఒకరోజు, చేపలు కడిగిన చేతులు తుడుచుకుంటూ.

"సుళ్లమ్మా. మధ్యలో ఉన్న వేడిని ఇవే అంచుకి మోసుకుపోతాయి."

"అయితే మంట ఇంకాస్త ఎగదోస్తే సరిపోద్ది కదా?"

"ఎగదోసేకొద్దీ ఇవీ పెరుగుతాయమ్మా."

"అబ్బో, మొండిఘటాలే!"

ఆ నెలలోనే, నేను మెలికలు కాస్త మార్చిన ఒక అయస్కాంత రూపంలో సుడులు అణిగిపోయాయి. వేడి ఎంత జారుతోందో చూపించే గీత కిందికి పడి, అక్కడే ఉండిపోయింది. ఇక చాల్లే అని లెక్క ఆపేశాను. మా గైడు గారు మురిసిపోయి సదస్సులో నా ప్రసంగం పెట్టించారు. కొన్నాళ్లు నా కాళ్లు నేల మీద ఆనలేదు.

ప్రసంగంలో చూపించడానికి వీడియో ఇంకాస్త పొడుగుంటే బాగుంటుందని, ఆపిన చోటి నుంచి లెక్కను మళ్లీ నడిపించాను. అది నడుస్తుండగా ఒక మధ్యాహ్నం కునుకు పట్టింది. కలలో నీలం నీళ్ల మీద వెల్లకిలా తేలుతున్నాను. కడుపులో బిడ్డ మెల్లగా ఒత్తిగిలింది. ఎక్కడా చప్పుడు లేదు.

లేచి చూసేసరికి గీత పైకి ఎగబాకి ఉంది. సుడులు చావలేదు. నెమ్మదిగా పెరిగేవి కొన్ని మిగిలే ఉన్నాయి. మొదటిసారి నేనే తొందరపడి ఆపేశాను.

నా ఏడుపు విని అమ్మ పరుగెత్తుకొచ్చింది. "బిడ్డ కదలట్లేదా?"

"కదులుతోందమ్మా. నా లెక్కే తప్పింది."

అమ్మ హమ్మయ్య అని మంచం మీద కూలబడింది. "మీ సారుకి తెల్సా?"

"లేదు. నేను చెప్పకపోతే ఎవరికీ తెలీదు."

అమ్మ నా పొట్ట మీద చెయ్యేసింది. "నీకు తెల్సిపోయింది కదే," అంది.

వెంటనే ఫోన్ చేశాను. "సార్, ఆ ఫలితం నిలవలేదండి."

"ఎంతసేపు అణిగుందో చూశావామ్మా?" అన్నారాయన. చెప్పాను. "అయితే అదే చెప్పు సదస్సులో."

సదస్సు రోజున మా ముందు గదిలోంచి వీడియోలో అదే చెప్పాను. చివర్లో విన్నవాళ్లలో ఒకావిడ, తన లెక్కనూ అంత తొందరగానే ఆపేశానని, మళ్లీ నడిపించి చూస్తానని అంది. అమ్మ ఒక్క ముక్క అర్థం కాకపోయినా తలుపు పక్కన నిలబడి అంతా విన్నది.

పాప పుట్టాక రెండు నెలలు లాప్‌టాప్ ముట్టుకోలేదు. తెరిచిన రోజున ఆ అయస్కాంత రూపాన్ని పక్కనబెట్టి ఇంకోటి మొదలుపెట్టాను.