ఆరు మట్ల నీళ్ళు

మదనపల్లె బళ్ళో సైన్సు చెప్తాను. చదరపు సెంటీమీటరుకి ఒక కేజీ ఒత్తిడి అంటే తొంభై ఎనిమిది కిలోపాస్కల్స్ అని ఏళ్ళ తరబడి బోర్డు మీద రాస్తున్నాను. పిల్లలు ఆవలిస్తే కోప్పడేదాన్ని. నిజం చెప్పాలంటే నాకూ ఆవలింతలే.

మొన్న వేసవిలో పుంగనూరు దగ్గర మా నాయన టమోటా నాటాడు. డ్రిప్పు ఫిల్టరు పాడైతే, కుప్పంలో పూలతోట ఎత్తేసిన ఒకాయన దగ్గర పాతది కొనుక్కొచ్చాడు. దానికున్న ప్రెషర్ మీటరు కిలోపాస్కల్స్‌ది. నాయనకు తెలిసింది కేజీల లెక్కే. డ్రిప్పుకి ఒక కేజీ ఉండాలి, మరీ పెరిగితే పైపులు ఊడిపోతాయి. మోటరు వేయగానే ముల్లు నూరు దగ్గరికి పోయేసరికి హడలిపోయి, అది ఒకటి దగ్గరికి, అంటే ఇంచుమించు సున్నాకి దిగేదాకా వాల్వు బిగించేశాడు.

ఐదో రోజు నేను వెళ్ళేసరికి చివరి సాళ్ళన్నీ వాడి పడున్నాయి.

"బోరు అయిపోయినట్టుండాదమ్మా. రెండు దినాలు సూసి సెట్లు పీకేస్తా" అన్నాడు.

మీటరు చూసి విషయం చెప్పాను. "ఆ నూరూ మన ఒక్క కేజీనే నాయనా."

"నూరు యాడ, ఒకటి యాడ? ఈడ గూడా పాఠం జెప్తాండావా?"

నాకు ఒళ్ళు మండింది. పది మీటర్ల ఎత్తు నీళ్ళు నిలబెడితే ఒక కేజీ, చూపిస్తా రమ్మన్నాను. మీటర్లంటే ఆయనకు పట్టవు. మా వైపు బావి లోతు మట్లలో చెప్తారు, మట్టు అంటే మనిషి నిలువెత్తు. ఆరు మట్లు చాలన్నాను. సన్న డ్రిప్పు పైపును పాదం కింద తొక్కిపట్టి, నడినెత్తి దాకా లాగి, ఆరుసార్లు కొలిచాడు. దాన్ని చేను పక్క ఎత్తైన బండ మీది నుంచి నిలువుగా వేలాడదీసి, కింది కొసకు మీటరు బిగించాం. ఆయన పైనుంచి చెంబుతో నీళ్ళు పోస్తుంటే నేను కింద నిలబడ్డాను.

ముల్లు లేచింది. ఇరవై. యాభై. తొంభై. నూరుకి ఒక్క పిసరు తక్కువలో ఆగింది. మోటరు లేదు, కరెంటు లేదు. ఇన్నేళ్ళూ చెప్పిన ఆ లెక్కను నేనే నమ్మలేదని అప్పుడు తెలిసింది.

నాయన దిగివచ్చి చూశాడు. "రెండు సెంబుల నీళ్ళకేనా ఇంత?"

"ఎన్ని నీళ్ళని కాదు నాయనా, ఎంత ఎత్తని."

పైపు వెంబడే తలెత్తి పైకొస దాకా చూశాడు. "సిన్నప్పుడు ఆరు మట్ల బాయిలో మునిగి అడుగు మన్ను దెచ్చేటోణ్ణి. ఇంత బరువు మోసినానా నేను!"

మీటరు మళ్ళీ ఫిల్టరుకి బిగించి, మోటరు వేసి, నూరు దాకా వాల్వు తిప్పాడు. ఒక్క పైపూ ఊడలేదు. ఇద్దరం చివరి సాలు దాకా పరిగెత్తాం. అక్కడా చుక్కలు పడుతున్నాయి. నేను చప్పట్లు కొట్టాను. నాయన కొట్టలేదు. వాడిన మొక్క దగ్గర గొంతుకూర్చుని, ఆకుల కింద చెయ్యి పెట్టి నెమ్మదిగా పైకెత్తాడు.

"నీళ్ళు పెట్టుకొని ఎండబెడితి గదమ్మా" అన్నాడు.

నాతో కాదు, మొక్కతో.