చింతపండుతో తోమిన కెనడా డాలరు

నా పేరు బంగారమ్మ. వయసు డెబ్బై ఎనిమిది. మలేసియాలోని ఇపో ఊళ్లో కొడుకు, కోడలు సరోజ, మనవరాలు లతతో ఉంటాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే లత ఫోన్లో రాస్తోంది.

ఓడలో వంటవాడిగా చేసిన మా మామగారు నాకూ, తోటికోడలు పార్వతికీ చెరొక కెనడా నాణేల సెట్టు ఇచ్చారు. ప్రూఫ్‌లైక్ సెట్టు అంటారట. అద్దంలా మెరిసే ఆరు నాణేలు, సీలు వేసిన ప్లాస్టిక్ కవరు.

ఈ రోజు నాణేలు సేకరించే, ఇక్కడి అలవాటుగా మాట చివర ‘లా’ తగిలించే రమణ మా ఇంటికొచ్చి నా సెట్టునూ, పార్వతి పట్టుకొచ్చిన సెట్టునూ భూతద్దంతో చూశాడు. రెండింట్లోని డాలరు నాణెం మీదా పడవ బొమ్మ పక్కన నీటి గీతలు మామూలుకంటే తక్కువట. అలాంటివి అరుదట. నేను పొంగిపోయాను. అంతలోనే అతని ముఖం మారింది.

“నీది పాడైపోనాది పెద్దమ్మా. ఏటి సేసినావు?”

“లచ్చిందేవి కదా! కవరు కోసి, శుక్రవారం శుక్రవారం చింతపండుతో తోమి బొట్టెట్టినాను.”

“అలాగ తోమకూడదు లా! పార్వతి పిన్నిది సూడు, కవరు ఇప్పనేదు. దాందే విలువ.”

పార్వతి ముసిముసిగా నవ్వింది. “నీ అంత భక్తి నాకెక్కడిదక్కా?”

ఒక్క బొట్టైనా పెట్టని మనిషికా ఆ గౌరవం? రమణ వెళ్లగానే, “ఈ శుక్రవారమైనా కవరు కోసి బొట్టెట్టవే, లచ్చిందేవికి కోపమొస్తాది” అన్నాను. అది సెట్టును కొంగులో చుట్టుకుని గబగబా ఇంటికెళ్లిపోయింది.

దాని మంచికే చెప్పాను. లత నమ్మడం లేదు. మీరైనా నమ్ముతారా?

కింద ఫొటోలో ఉన్నది నా బొటనవేలి ముద్ర. సాక్షులు: మనవరాలు లత, కోడలు సరోజ.