మిక్సింగ్ టైమ్

ఆ రోజు ఎడిసన్ స్టేషన్‌లో రైలు లేటు. బెంచీ మీద నాకు ఒక పక్క మా అమ్మాయి, చెవుల్లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని. ఏ కాలేజీలో చేరాలన్న గొడవతో నాలుగు రోజులుగా మా ఇద్దరికీ మాటల్లేవు. ఇంకో పక్క జుట్టు నెరిసిన ఒక తెలుగావిడ, ఒళ్లో చుక్కల కాగితంతో.

“ముగ్గాండీ?” అని అడిగేశాను.

ఆవిడ నవ్వారు. “కాదండీ, ఎన్‌ఎంఆర్ అని, అణువుల్ని అయస్కాంతంలో పెట్టి చూసే పరీక్ష. ఫార్మాలో చేస్తాను. ద్రవంలో కరిగించిన మందు అణువు ఇది. ఈ రెండు హైడ్రోజన్లకీ మధ్య బాండ్ లేదు. అయినా దగ్గరగా ఉన్నాయి కాబట్టి దీని అయస్కాంతత్వం దానికి చేరింది. అందుకే ఇక్కడ ఈ చుక్క పడింది.”

“ఎలా చేరుస్తారు?”

“మనం చేర్చం. మిక్సింగ్ టైమ్ అని కాసేపు ఊరికే వదిలేస్తాం. మరీ ఎక్కువసేపు వదిలితే అన్నిటికీ పాకిపోతుంది. కొత్తలో నేను టైమ్ మరీ తక్కువ పెట్టాను. చుక్క కనపడలేదు. దగ్గరగా ఉన్నవాటినే దగ్గర లేవని రిపోర్ట్ రాసేశాను.”

“ఎంతసేపు వదలాలి?”

“దీనికి అర సెకను.”

రైలొచ్చింది. ఆవిడ వేరే పెట్టె ఎక్కారు. నేను మా అమ్మాయి పక్కన కూర్చుని, నోటిదాకా వచ్చిన మాటను ఆపుకున్నాను. మూడు స్టేషన్లు దాటాయి.

“హాఫ్ సెకండ్ అంటే చాలా షార్ట్ కదా, అమ్మా,” అంది, కిటికీలోంచి చూస్తూనే.